మూడో నంబరు కారణం

2006 జూన్‌లో నాకు తెనాలికి బదిలీ అయింది. ఊళ్ళోని ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ పోస్టు. అప్పటికి నా సర్వీసు పంతొమ్మిదేళ్ళు. రక్తం తీయడంలో, స్లైడు చూడటంలో, రిజిస్టరు రాయడంలో నన్ను తప్పుపట్టిన డాక్టరు లేడు. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే, నా చేతిరాత మీద నాకెంత నమ్మకం ఉండేదో ముందు తెలియాలి.

చేరిన వారంలోనే కొత్త పని అప్పగించారు. అప్పుడే పుట్టిన పిల్లలకు మడమ దగ్గర చిన్న సూదితో గుచ్చి, రెండు మూడు చుక్కల రక్తం మందపాటి కాగితం కార్డు మీదికి తీసి, థైరాయిడ్ లోపం ఉందేమో చూసే పరీక్ష అది. ప్రయోగాత్మకంగా ఒక ప్రాజెక్టు కింద మొదలుపెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో కార్డులు తీస్తారు. అన్నీ నా దగ్గరకు చేరితే నేను సరిచూసి హైదరాబాదు ల్యాబుకు పంపాలి. ఫలితాలు మళ్ళీ నాకే వస్తాయి. తేడా ఉన్న బిడ్డ ఇంటికి నేను ఉత్తరం రాయాలి. దాన్ని రీకాల్ అనేవాళ్ళం, అంటే వెనక్కి పిలవడం. బిడ్డను తీసుకొస్తే నరంలోంచి రక్తం తీసి మరోసారి చూసి, నిజమేనని తేలితే డాక్టరు మందు మొదలుపెడతారు.

ఈ లోపంతో పుట్టిన బిడ్డ చూడటానికి అందరు పిల్లల్లాగే ఉంటుంది. గొంతు దగ్గరి గ్రంథి పని చేయడం లేదన్న సంగతి కంటికి కనపడదు. కానీ మెదడు ఎదుగుదలకు ఆ గ్రంథి ఇచ్చేదే ఆధారం. రెండు మూడు వారాల్లోగా మందు పడితే, రోజుకో చిన్న మాత్ర, తల్లిపాలలో నూరి చెంచాతో పట్టిస్తే చాలు, బిడ్డ అందరిలా పెరుగుతుంది, బడికి పోతుంది. ఆలస్యమైతే మందు పని చేస్తుంది గానీ, పోయిన వారాల్లో పోయింది తిరిగి రాదు. అందువల్ల ఈ పనిలో గడియారం కంటే క్యాలెండరు ముఖ్యం.

కార్డు తీయడానికి పద్ధతి ఉంది. బిడ్డ పుట్టిన మూడో రోజు తీయాలి. అంతకంటే ముందు తీస్తే పుట్టిన హడావిడికే ఆ గ్రంథిని పని చేయమని తరిమే హార్మోను పెరిగి ఉంటుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. మడమ మధ్యలో గుచ్చకూడదు, పక్కన గుచ్చాలి. మొదటి చుక్క దూదితో తుడిచేయాలి. రెండో చుక్క కార్డు మీది వలయం నిండి వెనకవైపుకు దిగాలి. ఎండ తగలకుండా, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా ఆరబెట్టాలి. నాలుగు గంటల్లో ఆరుతుందని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు శ్రావణ మాసంలో మన డెల్టాకు రాలేదు. మాకు ఒక పూటంతా పట్టేది. పైగా చీమలు. బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ పళ్ళేలు పెట్టించాను. హైదరాబాదు నుంచి ఒక్క కార్డు కూడా పనికిరాదని తిరిగి రాకూడదని నా పట్టుదల.

రక్తం చుక్క దగ్గర ఇంత జాగ్రత్త పడ్డవాళ్ళం, దాని పక్కనే ఉన్న ఒక గడి దగ్గర బోల్తాపడ్డాం. కార్డు అడుగు అంచున 'తండ్రి పేరు, శాశ్వత చిరునామా' అని అచ్చయి ఉండేది. వార్డు సిస్టర్లు అడిగేవాళ్ళు, తల్లులు చెప్పేవాళ్ళు. అత్తవారి ఊరు, అత్తవారి వీధి. నేను ఆ చిరునామాకు ఉత్తరం వేసేదాన్ని. ఎవరూ వచ్చేవారు కాదు. రెండో ఉత్తరం. అయినా రారు. రిజిస్టరులో 'రాలేదు' అని రాసి తేదీ వేసేదాన్ని. రూల్సు ప్రకారం నా పని అక్కడితో అయిపోయినట్టే.

సెప్టెంబరులో షమీం అనే అమ్మాయి బిడ్డ కార్డులో పెద్ద తేడా వచ్చింది. చిరునామా రేపల్లె. భర్త కరీముల్లా అక్కడ దర్జీ. రెండు ఉత్తరాలు వేశాను. జవాబు లేదు. మూడో ఉత్తరం రాసే రూలు లేకపోయినా రాస్తూ కూర్చున్నాను. బల్ల తుడవడానికి వచ్చిన వార్డు ఆయా మరియమ్మ, కార్డు మీద పేరు నేను పైకి చదువుకుంటుంటే విని అడిగింది.

"షమీమా? రేపల్లెకి రాస్తారేంటమ్మా? తొలికాన్పు కదా. ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరే ఉంది. మన వెనక వీధిలో, బీడీల కొట్టు పక్కన."

చేతిలో కలం అలాగే ఆగిపోయింది. తొలికాన్పుకు పుట్టింటికి వస్తారు. హిందువుల ఇళ్ళలో మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా కదలనివ్వరు. ముస్లింల ఇళ్ళలో నలభై రోజుల చిల్లా అయ్యేదాకా గడప దాటనివ్వరు. ఇది నాకు తెలియదా? నేను నా ఇద్దరు పిల్లల్నీ మా అమ్మ ఇంట్లో కనలేదా? ఫారం తయారుచేసిన పెద్దలకు తెలియదా? వాళ్ళ భార్యలు ఎక్కడ కన్నారు? అందరికీ తెలిసిన సంగతి ఒక్కరికీ కాగితం దగ్గర గుర్తురాలేదు. బిడ్డ మా ల్యాబు కిటికీలోంచి కేక వేస్తే వినపడే దూరంలో ఉంటే, నేను రేపల్లె పోస్టుమాన్‌ని నమ్ముకుని కూర్చున్నాను.

చెప్పులేసుకుని వెళ్ళాను. బిడ్డకు అప్పటికి ఇరవై ఆరో రోజు. అమ్మమ్మ నన్ను కూర్చోబెట్టి మురిసిపోతూ చెప్పింది.

"మా పిల్ల బంగారమండి. పడుకుంటే లేవదు, ఆకలైనా ఏడవదు. ఇంత నెమ్మదైన పిల్లని మా ఇంటా వంటా చూళ్ళేదు."

వినడానికి మెచ్చుకోలే. కానీ ఆ నెమ్మదే జబ్బు లక్షణం. చిల్లా సంగతి నేనే మాట్లాడాను. గడప దాటకూడదన్నది తల్లికి గదా, బిడ్డను మీరు ఎత్తుకు రండి అన్నాను. ఆవిడ నెత్తిన ముసుగు సర్దుకుని నా వెంటే బయల్దేరింది. ఆ మర్నాడే మందు మొదలైంది. మా ఉత్తరాలు రెండూ రేపల్లెలో కరీముల్లా తండ్రి దగ్గర భద్రంగా ఉన్నాయట. 'తదుపరి నిర్ధారణ నిమిత్తం హాజరు కావలెను' అన్న మా భాష చూసి, ఇదేదో జనన ధ్రువపత్రం వ్యవహారమనుకుని, కోడలు వచ్చాక చూసుకోవచ్చని దాచిపెట్టాడు.

నెల తర్వాత కరీముల్లా ల్యాబుకు వచ్చి దండం పెట్టాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ టేపు ఉండే మనిషి. ఇంకో బిడ్డ పుడితే తప్పకుండా మూడో రోజే ఈ పరీక్ష చేయించమని చెప్పాను. ఒకే ఇంట్లో మళ్ళీ రావచ్చు కాబట్టి. ఆ మాట అతను మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి ప్రతి కార్డు అంచున పెన్సిలుతో 'పుట్టిల్లు' అని రాసి ఊరు వేయించడం మొదలుపెట్టాను. కర్లపాలెం అమ్మాయిని నందివెలుగులో ఇచ్చుంటే, కార్డు మీద నందివెలుగు, పెన్సిలుతో కర్లపాలెం. బాపట్ల సిస్టరు కబురు పంపితే బిడ్డ దొరికేది. ఇదే గడి ఫారంలో అచ్చు వేయించమని ప్రాజెక్టు అధికారిని అడిగాను. ఆయన డిప్యూటీ హోదాలో ఉన్న డాక్టరు, మర్యాదస్తుడు. నెమ్మదిగానే చెప్పారు.

"ఫారం హైదరాబాదులో అచ్చయిందమ్మా. మనం కొత్త గడి పెడితే కంప్యూటరు తీసుకోదు. వచ్చే విడతలో చూద్దాం."

రాతపూర్వకంగా రెండుసార్లు పంపాను. రెండింటికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబు. పెన్సిలు రాతలు కంప్యూటరులోకి ఎక్కలేదు. అప్పటికే వచ్చి ఉన్న పాత కార్డులకు పెన్సిలు రాతా లేదు. కొందరు పిల్లల్ని వెతికి పట్టుకున్నాం. కొందరు దొరకలేదు.

2007 చివర్లో ఏడాది నివేదిక అడిగారు. నా దగ్గరకు ఒక ప్రొఫార్మా వచ్చింది, అంటే ముందే గీతలు గీసిచ్చిన పట్టిక. శీర్షిక: 'ఉత్తరం వేసిన పద్నాలుగు రోజుల్లో హాజరు కాని వారు'. చివరి గడి 'కారణం'. అందులో మాట రాయకూడదు, నంబరు వేయాలి. ఒకటి అంటే చిరునామా తప్పు. రెండు అంటే బిడ్డ మరణం. మూడు అంటే తల్లిదండ్రుల సహకారం లేదు. నాలుగో నంబరు లేదు.

ఇక్కడ నేను చేసింది దాచుకోకుండా చెప్పాలి. ఒకటి వేయొచ్చు. కానీ 'చిరునామా తప్పు' అని పడితే, ఆ కార్డు నింపిన సిస్టరుకు మెమో వెళుతుంది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. వాళ్ళు తప్పు రాయలేదు, అడిగిన చిరునామా అడిగినట్టు రాశారు. ఒక్కో వార్డులో రెండేసి షిఫ్టులు చేస్తున్న ఆడపిల్లలు వాళ్ళు. వాళ్ళ మెడకు ఇది చుట్టడానికి మనసొప్పలేదు. మూడు వేస్తే ఎవరికీ మెమో రాదు. తల్లిదండ్రులకు మెమో ఇచ్చే అధికారి లేడు కదా. అందుకని వరసగా మూడు, మూడు, మూడు అని వేసుకుంటూ పోయాను. షమీం బిడ్డ వరస కూడా వచ్చింది. ఆ బిడ్డ వచ్చింది, కానీ పద్నాలుగు రోజుల తర్వాత వచ్చింది. పట్టిక ప్రకారం హాజరు కాని కిందే లెక్క. అక్కడా మూడే వేశాను. కింద సంతకం చేసి, పేరు, హోదా స్టాంపు కొట్టాను. ఆ రోజు నేను ఎవరికీ అన్యాయం చేయలేదనే అనుకున్నాను.

సమీక్ష బాపట్లలో జరిగింది. టెక్నీషియన్లకు బల్ల దగ్గర కుర్చీ ఉండదు, గోడ వారన కూర్చోవాలి. మా అంశం పెసరట్టు ఉప్మా పంచుతుండగా వచ్చింది. చివరి గడి నిండా మూళ్ళు కనపడ్డాయి. జనానికే అక్కర లేనప్పుడు మనమేం చేస్తామండి అని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు కనపడలేదు. కొందరు తలలూపారు. నేను చెయ్యి భుజం దాకా ఎత్తాను. ప్లేటు తీసుకొచ్చినతను చట్నీ కావాలేమోనని నా వైపు వచ్చాడు. ఆ తర్వాత అంశం మారిపోయింది. లేచి నిలబడి మాట్లాడొచ్చు. మాట్లాడలేదు.

నెల తిరక్కుండా ఒక్క వాక్యం ఉత్తర్వు వచ్చింది, పరీక్ష నిలిపివేయమని. కార్డులు ఆగిపోయాయి. కానీ వార్డు గోడ మీద 'మీ బిడ్డ మడమ నుంచి రెండు చుక్కలు, మీ బిడ్డకు నిండు జీవితం' అన్న పోస్టరు అలాగే ఉండిపోయింది. దాన్ని తీయమని ఉత్తర్వులో లేదు కాబట్టి ఎవరూ తీయలేదు. మరుసటి ఏడాది మొదట్లో నన్ను బాపట్లలో మరో ల్యాబుకు మార్చారు.

2009 వానాకాలంలో కరీముల్లా నన్ను వెతుక్కుంటూ బాపట్ల వచ్చాడు. రేపల్లె నుంచి బస్సులు మారి, తడిసిపోయి ఉన్నాడు. వెనక షమీం, చేతిలో మూడో నెల మగబిడ్డ. గుడ్డ విప్పి చూపించగానే నాకు తెలిసిపోయింది. ఉబ్బిన మొహం, బయటికి వచ్చిన నాలుక, పొడుచుకొచ్చిన బొడ్డు. పరీక్ష అక్కర్లేదనిపించేంత స్పష్టంగా ఉంది. అయినా రక్తం తీశాను.

ఇన్నాళ్ళు ఏం చేశారయ్యా అని కోప్పడ్డాను. నిజంగానే కోపం వచ్చింది. మూడో రోజు చేయించమని చెప్పానా లేదా అన్నాను.

"చేయించాలనే మళ్ళీ తెనాలి ఆసుపత్రిలోనే పురుడు పోయించామండి. గోడ మీద కాగితం కూడా చూశానండి. సూది కూడా వేశారు. అదే ఇది అనుకున్నాం. పెద్దదానికి మీరే ఇంటికొచ్చి చెప్పారు కదండి. ఈసారి ఎవరూ రాలేదు. రాలేదంటే బాగున్నాడనుకున్నామండి."

ఆ సూది భుజానికి వేసే టీకా. మడమకు ఎవరూ గుచ్చలేదు. పరీక్ష ఎత్తేశారని చెప్పాను. అతను ఒక్కటే అడిగాడు.

"ఎవరండి ఎత్తేసింది?"

పైవాళ్ళు అన్నాను. పైవాళ్ళు అంటే ఏ ఊళ్ళో ఉంటారండి, పేరేంటండి అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అప్పటికి సమాచార హక్కు చట్టం వచ్చి నాలుగేళ్ళయింది. తెల్ల కాగితం మీద రాసి అడగొచ్చని, ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చెప్పాను. అక్కడే కూర్చుని తన చేత్తోనే రాశాడు. పరీక్ష నిలిపివేసింది ఎవరు, ఏ కారణంతో, నిలిపినట్టు తల్లిదండ్రులకు ఎలా చెప్పారు. అంతే.

జవాబు రావడానికి ముప్పై రోజులు కాదు, మూడు కార్యాలయాలు తిరిగి నాలుగు నెలలు పట్టింది. వచ్చిన కాగితాల కట్ట ఇంగ్లీషులో ఉందని, బిడ్డను చంకనేసుకుని మళ్ళీ నా దగ్గరకే తెచ్చాడు. ల్యాబు వరండాలో బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదివి చెప్పాను. ఉత్తర్వు: 'సమీక్షా సంఘం సిఫార్సు మేరకు'. పేరు లేదు, 'తరఫున' అని ఎవరిదో గీత. సంఘం మినిట్స్, అంటే సమావేశంలో అనుకున్నదాని రాత: 'క్షేత్రస్థాయి నివేదికను బట్టి సమావేశం అభిప్రాయపడింది'. ఎవరు అభిప్రాయపడ్డారో లేదు. మూడో ప్రశ్నకు 'సమాచారం అందుబాటులో లేదు' అని జవాబు. నాకు మంట పుట్టుకొచ్చింది. ఒక్కడైనా పేరు పెట్టి రాశాడా చూడు అని తిట్టుకుంటూ చివరి కాగితం తిప్పాను.

అది నా పట్టిక. నా గుండ్రటి అక్షరాలు, గడి నిండా మూళ్ళు. కింద నా సంతకం, నా పేరు, నా స్టాంపు. ఆ కట్ట మొత్తంలో పేరున్న సంతకం అదొక్కటే.

కరీముల్లా వేలు పెట్టి ఒక వరస చూపించాడు. షమీం పేరు చదవగలిగాడు. ఈ మూడు ఏంటండి అన్నాడు. తల్లిదండ్రుల సహకారం లేదని అర్థం అని చెప్పాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మేడమండీ, మా ఇంటికి వచ్చింది మీరే. మా అత్తగారు మీ వెంట నడిచొచ్చింది. రాసేటప్పుడు మాత్రం మేము రాలేదని రాశారేంటండి?"

సిస్టర్ల మెమో సంగతి చెప్పబోయాను. సగంలో ఆపేశాను. ఎదురుగా బిడ్డ ఉన్నాడు.

పేర్లు లేని ఆ జవాబు మీద అతను అప్పీలు వేశాడు. నేను నాలుగు పేజీల వాంగ్మూలం రాసి జత చేశాను. ఫారంలో పుట్టింటి గడి లేకపోవడం, నేను రెండుసార్లు అడగడం, 'పరిశీలనలో ఉంది' అన్న జవాబులు, మూళ్ళు ఎందుకు వేశానో, అన్నీ. విచారణ రోజు అప్పీలు అధికారి కాగితాలు చూసి, తప్పు ఎక్కడ జరిగిందో తేలింది కదా, ఈమే ఒప్పుకుంది కదా అన్నారు. కరీముల్లా లేచాడు.

"ఆవిడ దొరికారండి. దొరికినోళ్ళ కోసం కాదండి నేను వచ్చింది. పరీక్ష మళ్ళీ ఎప్పుడు పెడతారో చెప్పండి."

అది ఈ విచారణ పరిధిలోకి రాదన్నారు. చివరికి వచ్చిన నిర్ణయం: సాంకేతిక సిబ్బంది తప్పుడు సమాచారం వల్ల సంఘం పొరబడింది. పై అధికారుల ద్వారా కాకుండా వాంగ్మూలం ఇచ్చినందుకు నాకు ఛార్జి మెమో, తప్పుడు పట్టికకు నా సర్వీసు రిజిస్టరులో అభిశంసన. పట్టిక విషయంలో నాకు అభ్యంతరం లేదు, అది నేను వేసిన అంకే. కానీ ఆ అంకెను అడగకుండా మింగిన పదిమందిలో ఒక్కరి పేరూ బయటికి రాలేదు. ఆ ఉత్తర్వు మీద వారంలోపు అమలైంది ఒక్కటే. తెనాలి వార్డులో పోస్టరు తీసేశారు.

నా సర్వీసు ఉన్నంతకాలం ఆ మూడు చోట్లా పరీక్ష మళ్ళీ మొదలుకాలేదు. కరీముల్లా కూతురు చురుగ్గా చదివేది, ఏటా మార్కుల కార్డు తెచ్చి చూపించేది. కొడుకు మూడో ఏట నడిచాడు. మాట ఇంకా ఆలస్యం. తండ్రి కొట్లో కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేసేవాడు, మెల్లగా, తప్పు లేకుండా.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంత. పట్టికలో నిజం పట్టే గడి లేకపోతే, ఉన్న గడుల్లో తక్కువ నష్టం చేసేది ఏదా అని వెతకకూడదు. గడి బయట రాయాలి. కంప్యూటరు తీసుకోకపోయినా కాగితం తీసుకుంటుంది, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆ కాగితం అడుగుతారు.

తర్వాత బాపట్లలో కఫం పరీక్షల రిజిస్టరు నా చేతికి వచ్చింది. అందులోనూ 'పిలిచినా రాని వారు' అని ఒక శీర్షిక ఉంది. స్కేలు పెట్టి కొట్టేసి, 'మేము వెళ్ళని వారు' అని ఇంకుతో రాసి, పక్కన పేరు, సంతకం, తేదీ వేశాను. ఏటా తనిఖీకి వచ్చినవాళ్ళు అభ్యంతరం రాసేవారు, ఏటా నేను జవాబు రాసేదాన్ని. పదవీ విరమణ రోజు నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి ఆ పేజీ చూపించి, దీన్ని ఇలాగే ఉంచాలా మేడం అని అడిగింది. నీ ఇష్టమమ్మా, మార్చాలనుకుంటే మార్చు, కింద నీ పేరు మాత్రం రాయి అని చెప్పి తాళాలు ఇచ్చాను.